విశాఖ నుంచి వంజంగికి చలికాలపు ఒక్కరోజు యాత్ర: విదేశీ మిత్రులను వెంట తీసుకువెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో చదువుకోవడానికి దూరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు సంక్రాంతి సెలవులు ఒక వింత కాలం. హాస్టల్లో తోటివారంతా సంచులు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోతారు, మెస్ మూతపడుతుంది, విమానం ఖరీదు భరించలేక వాళ్లు మాత్రం గదుల్లో మిగిలిపోతారు. వారితో కొత్తగా స్నేహమైన విశాఖవాసి బీచ్ రోడ్డు, కైలాసగిరి, సింహాచలం చూపించాక, తరువాత ఏమిటన్న ప్రశ్న దగ్గర ఆగిపోతాడు. మన్యం కొండలకు ఒక్కరోజు వెళ్లిరావడం దానికి మంచి సమాధానమే కాని, తెలియనివారిని చీకట్లో ఘాట్ రోడ్డు ఎక్కించి, చలిలో నడిపించి, మళ్లీ క్షేమంగా హాస్టల్ గేటు దగ్గర దించడం బంధువులతో పిక్నిక్‌కు వెళ్లినంత తేలిక కాదు. నాలుగు చలికాలాల పాటు ఇలాంటి బృందాలను వెంటబెట్టుకుని వెళ్లిన అనుభవంతో, చేసిన పొరపాట్లను కూడా కలుపుకుని, ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మనుషుల గురించి

చాలామంది మొదట బండి మాట్లాడి, ఆ తరువాత ఎవరెవరు వస్తారని అడుగుతారు. ఇది తలకిందుల పద్ధతి. కనీసం వారం రోజుల ముందు ఒక సాయంత్రం అందరూ కలిసి టీ తాగుతూ నాలుగు విషయాలు తేల్చుకోవాలి: ఎవరు ఏమి తినరు, ఎవరికి ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి, ఎవరికి ఆయాసం లేదా మోకాలి నొప్పి ఉంది, ఎవరు ఏ వేళకు ప్రార్థన చేసుకోవాలి.

తిండి విషయంలో మన ఊహలు ఎంత తప్పుతాయో నాకు మొదటి యాత్రలోనే తెలిసింది. ఇథియోపియా నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి కోసం బొంగులో చికెన్ తినిపించాలని ముందే చెప్పి పెట్టాను. వెదురు బొంగు చీల్చి, పొగలు కక్కుతున్న ముక్కలను ఆకులో వేసి ఆయన ముందు పెట్టిన తరువాత, ఎంతో మొహమాటపడుతూ తాను ఉపవాసంలో ఉన్నానని చెప్పాడు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు నవంబరు చివరి వారం నుంచి జనవరి 6 వరకు మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. వారి క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. మనం కొండలకు వెళ్లే కాలంలో సగం దాకా ఆ ఉపవాసంలోనే పడుతుంది. క్రైస్తవుడు కదా, డిసెంబరు 25 పండుగ కదా అనుకుని నేను అడగనే లేదు. ముస్లిం మిత్రులుంటే హలాల్ మాంసం దొరుకుతుందో లేదో తెలియని చోట ముందే శాకాహారం నిర్ణయించుకోవడం అందరికీ సుఖం. చలికాలంలో వారి తెల్లవారుజాము నమాజు వేళ ఐదు గంటల ప్రాంతంలో వస్తుంది కాబట్టి, కొండ కింద పది నిమిషాలు ఆగేలా ప్రయాణాన్ని లెక్క వేసుకోవాలి.

చలి గురించి కూడా అడగాలి తప్ప ఊహించకూడదు. అదే ఇథియోపియా మిత్రుడి కోసం నేను మా ఇంట్లో ఉన్న దళసరి స్వెట్టరు మోసుకెళ్లాను. ఆయన స్వస్థలమైన అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. ఆయన పలచని జాకెట్టుతో తాపీగా నడుస్తుంటే, సముద్రపు గాలికి అలవాటుపడిన మేము ఆ స్వెట్టరును వంతులవారీగా తొడుక్కున్నాం. బంగ్లాదేశ్ మైదానాల నుంచి వచ్చిన మరో విద్యార్థి మాత్రం మాతో సమానంగా వణికాడు.

ఏ కొండకు వెళ్లాలి

అరకు, లంబసింగి, వంజంగి అని మూడు దారులున్నాయి. బృందంలో ఘాట్ మలుపులు పడనివారు, పెద్దవారు ఉంటే ఇక ఆలోచించకుండా అరకు రైలు ఎక్కించాలి. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే ఈ రైలు ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరి, అనంతగిరి కొండల సొరంగాల గుండా సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దింపడానికి 1960లలో వేసిన మార్గం కావడం వల్ల, ప్రయాణికుల కంటే గూడ్సు బండ్లదే అక్కడ రాజ్యం, ఆలస్యాలకు సిద్ధపడాలి. అద్దాల పెట్టెలో సీట్లు పండుగ రోజులకు చాలా ముందే అయిపోతాయి. అయితే రైలులో వెళితే మబ్బుల వేళ దాటిపోతుంది; అరకులో చూసేది పగటి లోయను మాత్రమే.

చింతపల్లి మండలంలోని లంబసింగి చలికి ప్రసిద్ధి. దాని పాత పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. నర్సీపట్నం మీదుగా దారి బాగుంటుంది, తాజంగి జలాశయం దగ్గరలోనే ఉంది. అక్కడి ఆకర్షణంతా చలీ పొగమంచే.

కొత్త మిత్రులకు ఒక్క చోటు మాత్రమే చూపించగలిగితే, నేను పాడేరు దగ్గరి వంజంగినే ఎంచుకుంటాను. కొండ కొమ్ము మీద నిలబడితే మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయి. మూడింటినీ ఒక్కరోజులో చుట్టేద్దామనే ఉత్సాహవంతుడు ప్రతి బృందంలో ఒకడుంటాడు. వాడిని మొదటి సమావేశంలోనే ఆపాలి.

ఏ రోజు వెళ్లాలి

ఈ యాత్రలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. వంజంగి మబ్బుల సముద్రం ఎలా తయారవుతుందో తెలిస్తే రోజును ఎంచుకోవడం సులువవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలికాలపు రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను అంటుకుని చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంబడి నీరు జారినట్టు జారి లోయలో చేరుతుంది. అక్కడి తేమ ఆ చల్లదనానికి సన్నని బిందువులుగా మారి లోయను నింపుతుంది. పైన కొమ్ము మీద మాత్రం ఆకాశం తేటగా ఉంటుంది. సూర్యుడు వచ్చి నేల వేడెక్కగానే ఆ మబ్బు కదిలి, పైకి లేచి, చెదిరిపోతుంది. మంచి రోజున కూడా ఎనిమిది, తొమ్మిది గంటలకు మించి నిలవదు.

అంటే మనకు కావలసినవి మూడు: నిర్మలమైన రాత్రి, గాలి వీచకపోవడం, నేలలో కొంత తేమ. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు ఆకాశం మూసుకుని ఉంటుంది. అప్పుడు కొండ ఎక్కితే మనమే మబ్బులో నిలబడి తడుస్తాం, ఎదురుగా మనిషి కూడా కనబడడు. వాన వెలిసి ఆకాశం తేటపడిన రెండు మూడు రోజుల తరువాత బయలుదేరితే ఫలితం బాగుంటుంది. డిసెంబరు మొదటి సగం వరకు తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి, డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరి వరకు నాకు నమ్మకమైన కాలం. భారత వాతావరణ శాఖ సూచనను ముందు రోజు సాయంత్రం కూడా చూసి, మేఘావృతమని ఉంటే నిర్మొహమాటంగా వాయిదా వేయాలి.

ఆదివారాన్ని, పండుగ సెలవుల మొదటి రెండు రోజులను తప్పించాలి. ఆ రోజుల్లో కొండ కింద బండ్లు బారులు తీరి, సూర్యోదయాన్ని కారులో కూర్చుని చూడవలసి వస్తుంది. మంగళ, బుధవారాలు హాయి. ముందు రోజు పాడేరులో తెలిసినవారి ద్వారా కొండ మీదకు అనుమతిస్తున్నారో లేదో కూడా కనుక్కోవాలి.

బండి, డ్రైవరు

పసుపు నంబరు ప్లేటు ఉన్న బండినే మాట్లాడుకోవాలి. కిలోమీటరు రేటు, డ్రైవరు బాటా, రాత్రి బయలుదేరడం, వెయిటింగు ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. స్టెప్నీ, బ్రేకులు, ముందు అద్దం తుడిచే వైపర్లు స్వయంగా చూడాలి. వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను మాత్రం నేను మొదట్లో అడిగేవాడిని కాదు: ‘బాబూ, మధ్యాహ్నం పడుకుంటావా?’

రెండో ఏడాది మాకు వచ్చిన డ్రైవరు రోజంతా బండి నడిపి నేరుగా మా దగ్గరకు వచ్చాడు. వడ్డాది దాటాక బండి రెండుసార్లు ఎడమ అంచుకు జరగడం ముందు సీట్లో ఉన్న మిత్రుడు గమనించాడు. రోడ్డు పక్కన మూసి ఉన్న టీ బడ్డీ ముందు ఆపించి, ఆయనను గంటన్నర పడుకోబెట్టాం. కొండ ఎక్కేసరికి ఎనిమిదిన్నర. లోయలో మబ్బు పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఎవరూ విసుక్కోలేదు, కాని తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ముందు రోజు మధ్యాహ్నం తరువాత మరో కిరాయి లేని డ్రైవరునే, కొంత ఎక్కువ ఇచ్చైనా, మాట్లాడుతున్నాను. దారిలో ఆయనతో మాట్లాడుతూ ఉండడానికి తెలుగు వచ్చిన ఒకరు ముందు సీట్లో మేలుకుని ఉండాలి.

సొంత బండి నడిపేవారు ఘాట్ మర్యాదలు పాటించాలి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టి న్యూట్రల్‌లో దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. మలుపు కనబడకముందే హారను కొట్టాలి. పొగమంచులో లైటు డిమ్‌లోనే ఉంచాలి, ఎందుకంటే పెద్ద లైటు వెలుగు నీటి బిందువుల మీద పడి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది.

పత్రాలు, అనుమతులు

విదేశీ మిత్రులు పాస్‌పోర్టు, వీసా, నివాస అనుమతి పత్రాల నకళ్లు, విద్యాసంస్థ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. అర్ధరాత్రి దాటాక హాస్టల్ గేటు తీయడానికి వార్డెన్ అనుమతి లిఖితపూర్వకంగా రెండు రోజుల ముందే తీసుకోవాలి. అమ్మాయిలు వస్తున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదిస్తూ పోగొట్టుకున్న అరగంట కొండ మీద మళ్లీ దొరకదు.

అల్లూరి సీతారామరాజు జిల్లా దారుల్లో గంజాయి రవాణాను అరికట్టడానికి పోలీసులు చెక్‌పోస్టుల దగ్గర బండ్లు ఆపి సంచులు విప్పిస్తారు. కొత్తవారికి ఈ సంగతి ముందే చెప్పకపోతే, తమను చూసే ఆపారని అనుకుని నొచ్చుకుంటారు. తిరుగు ప్రయాణంలో ఎవరికీ లిఫ్టు ఇవ్వకూడదు, ‘విశాఖలో మావాళ్లకు ఇవ్వండి’ అని ఎవరిచ్చినా పొట్లం తీసుకోకూడదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద కేసు ఎవరి మీద పడినా తీవ్రమే. వీసా మీద ఉన్నవారికి చదువే ఆగిపోవచ్చు.

పాడేరులో రాత్రి బస చేస్తే అర్ధరాత్రి ప్రయాణం తప్పుతుంది కదా అని అడుగుతారు. నిజమే, కాని విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లోగా వారి వివరాలను ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ పద్ధతి తెలియని చిన్న లాడ్జీలు గది లేదని పంపేస్తాయి. ముందే ఫోనులో నిర్ధారించుకోకుండా బయలుదేరకూడదు.

వెంట ఉండవలసినవి

చలిలో ఒక్క దళసరి కోటు కంటే రెండు మూడు పలచని పొరలు మేలు, ఎక్కేటప్పుడు చెమట పడితే ఒకటి తీయవచ్చు. తలకు మంకీ క్యాప్ లేదా మఫ్లరు, కాళ్లకు పట్టున్న బూట్లు ఉంటే చాలు. చెప్పులతో మంచుకు తడిసిన మట్టివాలు దిగలేరు. ప్రతి ఒక్కరికీ టార్చి, నీళ్ల సీసా ఉండాలి. ఫోన్లలో సిగ్నలు పోతుంది కాబట్టి దారి పటాన్ని ముందే దించుకోవాలి. చిల్లరతో సహా నగదు ఉంచుకోవాలి. దోమల నుంచి కాపాడే క్రీము చలికాలంలో కూడా అవసరమే, ఏజెన్సీలో మలేరియా ఉంది.

ఆ రాత్రి ప్రయాణం

రాత్రి తొమ్మిదికల్లా తేలికగా తిని పడుకోవాలి. మద్దిలపాలెంలో ఒకటిన్నరకు బండి ఎక్కితే పెందుర్తి, సబ్బవరం, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు సుమారు మూడు గంటల దారి. వాంతులయ్యేవారిని ముందు వరుసలో, రోడ్డు కనబడేలా కూర్చోబెట్టి, ఫోను చూడవద్దని చెప్పాలి. మాత్ర వేసుకునేవారు ఘాట్ మొదలయ్యాక కాదు, గంట ముందే వేసుకోవాలి.

పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర డ్రైవర్లు బండి ఆపి మోదకొండమ్మకు దండం పెట్టుకుంటారు. తొందరపెట్టకండి. ఆ రెండు నిమిషాల్లో కాళ్లు చాపుకోవచ్చు, తల తిరిగినవారు చల్లగాలి పీల్చుకోవచ్చు, ఎందుకు ఆగారో మిత్రులకు వివరించవచ్చు.

ఐదు గంటలకు వంజంగి కొండ కింద ఉండాలి. సూర్యోదయం డిసెంబరు చివర, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. నడకకు దాదాపు గంట పడుతుంది. కొంత దూరం వరకు స్థానికుల జీపులు ఎక్కించుకుంటాయి. రేటు ముందు మాట్లాడుకోవాలి, కాని గీచిగీచి బేరమాడకూడదు. ఆ దారిలో బండి నడపడం ఎంత కష్టమో ఎక్కాక తెలుస్తుంది.

కొండ మీద

అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టి, దారి తెలిసినవారు వెనుక నడవాలి. పడుచువాళ్లు ముందుకు ఉరికి, వెనుకబడినవారు చీకట్లో ఒంటరిగా మిగలడం కొత్త బృందాల్లో జరిగే పొరపాటు. పరిచయం కొత్త కావడం వల్ల ‘కాసేపు ఆగండి’ అని అడగడానికి మొహమాటపడతారు. పావుగంటకొకసారి మీరే నీళ్లు తాగే నెపంతో ఆగండి.

కొమ్ము మీద అంచుకు దూరంగా నిలబడాలి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేసేవారిని ముందే హెచ్చరించాలి, ఎందుకంటే మంచుకు గడ్డి నూనె రాసినట్టు జారుతుంది. తూర్పున ఎరుపు తేలే ముందు పది నిమిషాలు చలి మరింత పెరిగినట్టు అనిపిస్తుంది. ఆ తరువాత తెల్లటి పరుపులోంచి కొండకొనలు ఒక్కొక్కటే దీవుల్లా తేలతాయి. అప్పుడు మార్గదర్శి చేయవలసిన పని ఏమీ లేదు; నోరు మూసుకుని ఉండడమే మంచిది. నేను మొదటిసారి లోయల పేర్లన్నీ వల్లిస్తూ ఆ కాసేపటినీ పాడుచేశాను.

దిగేటప్పుడు గూడేల్లో మనుషులు ఎదురవుతారు. వారిని ఫోటో తీసే ముందు అడగాలని, కాదంటే చిరునవ్వుతో సరేననాలని మిత్రులకు నేర్పాలి. ‘అమ్మా, బాగున్నారా’, ‘ఫోటో తీసుకోవచ్చా’ అనే రెండు మాటలు బండిలో వల్లె వేయిస్తే, వారి ఉచ్చారణకు అవతలివారు నవ్వి, మాట కలుస్తుంది. పిల్లలకు డబ్బు, చాక్లెట్లు పంచే అలవాటు చేయకూడదు. తెచ్చిన ప్రతి ప్లాస్టిక్ కవరూ తిరిగి బండిలోకే రావాలి.

తిండి, కాఫీ తోట

ఉదయం పాడేరులో ఇడ్లీ తినవచ్చు. ఉపవాసమున్న ఇథియోపియా మిత్రులకు ఇడ్లీ, కొబ్బరి చట్నీ నిశ్చింతగా సరిపోతాయి. నెయ్యి, పెరుగు పడకుండా చూడాలి, మధ్యాహ్నం వరకు ఏమీ తిననివారుంటే పొట్లం కట్టించి ఉంచాలి. మాంసాహారులకు బొంగులో చికెన్ ముందే చెప్పి చేయించుకోవడం మంచిది. పచ్చి వెదురులో నూనె లేకుండా నిప్పుల మీద కాల్చేది కావడం వల్ల తొందరపెడితే లోపల ముక్క ఉడకదు. జీలుగు కల్లు రుచి చూస్తామనే వారికి మాత్రం నేను గట్టిగా వద్దనే చెబుతాను. ముందున్నది ఘాట్ దిగుడు.

దారి పక్కన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య కాఫీ తోటలుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో పండ్లు ఎర్రబడి కోతకు వస్తాయి. రైతును అడిగి లోపలికి వెళ్లాలి. మా మిత్రుడు ఒక పండు కోసి, వేళ్ల మధ్య నొక్కి, జిగురుగా బయటికి జారిన రెండు గింజలను అరచేతిలో పెట్టుకుని ‘బున్నా’ అన్నాడు. అమ్హారిక్ భాషలో కాఫీకి అదే పేరు. మనం మన్యానికే సొంతమనుకునే అరబికా మొక్క పుట్టినిల్లు ఇథియోపియా అని, చిన్నప్పుడు నాయనమ్మ పెరట్లో ఇవే పండ్లు కోసేవాడినని చెబుతుంటే, పక్కనే నిలబడిన తోట యజమాని ఆయనను తాము గింజలు ఎండబోసిన చోటికి చేయిపట్టి తీసుకువెళ్లాడు. నేను అనువాదం చేయనక్కరలేకపోయింది. ఇద్దరూ గింజలను చేతుల్లో తిప్పుతూ, కొరికి చూస్తూ, ఎండిందో లేదో తేల్చుకున్నారు.

తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం రెండింటికి పాడేరు విడవాలి. సాయంత్రం ఐదున్నర దాటాక చీకటి పడుతుంది, అలసిన డ్రైవరు ఆ చీకట్లో ఘాట్‌లో ఉండకూడదు. బయలుదేరే ముందు ఆయన గంటసేపు పడుకున్నాడా లేదా అని చూడాలి. ఎవరైనా జారి దెబ్బ తగిలించుకుంటే పాడేరులోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అత్యవసరానికి 108, 112 నంబర్లను విదేశీ మిత్రుల ఫోన్లలో ముందే ఎక్కించాలి.

మాడుగులలో హల్వా కొనకుండా ఎవరూ దాటరు. గోధుమ పాలు, నెయ్యితో చేసేది కాబట్టి ఉపవాసమున్నవారు అప్పటికప్పుడు తినలేరు, కాని త్వరగా పాడవదు కనుక తీసుకువెళ్లవచ్చు. మా మిత్రుడు అరకిలో పొట్లం మీద జనవరి 7 అని పెన్నుతో రాసుకున్నాడు.

లెక్కలు అదే వారంలో తేల్చుకోవాలి. బండి కిరాయి సమానంగా, తిండి ఎవరిది వారికి అనే పద్ధతి కొత్త స్నేహాలకు సురక్షితం. ‘పర్వాలేదులే’ అని మనమే అంతా పెట్టుకుంటే తరువాతి యాత్రకు పిలిచినప్పుడు వారు మొహమాటంతో రారు. తోట దగ్గర కొన్న పచ్చి గింజలతో ఇథియోపియా మిత్రుడు రెండు రోజుల తరువాత మమ్మల్ని కాఫీకి పిలిచాడు. గింజలు కడిగి, పెనం మీద నల్లబడే వరకు వేయించి, ఆ పొగను చేత్తో ఒక్కొక్కరి వైపు విసిరి, మెడ సన్నగా ఉన్న మట్టి కూజాలో కాచి మూడు విడతలుగా పోశాడు. వారి ఇళ్లలో మూడో విడత తాగకుండా అతిథి లేవకూడదట. రెండో విడత అయ్యేసరికి తలకెంత పడిందో కాగితం మీద లెక్క వేశాం, మూడో విడత చల్లారేలోగా అందరూ డబ్బు ఇచ్చేశారు.